టికెట్ లేని సీసా

మా పెద్ద మామయ్య ఇంతవరకు ఒక్క మనిషితో పోట్లాడి ఎరుగడు. ఆయన పోట్లాటలన్నీ సీసాలతోనే.

అపార్థం చేసుకోకండి, ఆయన తాగుబోతు కాదు. ఆయన పోట్లాడేది ఫినాయిల్ సీసాతో, కిరోసిన్ సీసాతో, బాత్‌రూం కడిగే యాసిడ్ సీసాతో. ఎవరింటికి వెళ్లినా "రండి, కూర్చోండి" అన్న మాట ఆయన చెవికెక్కదు. నేరుగా వంటింట్లోకి పోతాడు. సింకు కింద తలుపు తీస్తాడు. మోకాళ్లు పట్టేసినా సరే, నేలమీద చతికిలబడి, లోపలున్న సీసాలను ఒక్కొక్కదాన్నే బయటికి పిలిచి విచారణ మొదలుపెడతాడు.

"ఏమమ్మా, ఎవరు నువ్వు? ఒంటిమీద కాగితం ముక్కయినా లేదేం? ఎక్కడ ఎక్కావు? ఎక్కడ దిగాలి? నోరు తెరవ్వేం?"

సీసా నోరు తెరవదు. ఇంటివాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు.

రిటైరయ్యేదాకా ఆయన రైళ్లలో టికెట్లు తనిఖీ చేశాడు. ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గానీ తనిఖీని ఆయన వదల్లేదు. ఆయన లెక్కలో సీసా అంటే ప్రయాణికుడు, దాని లేబుల్ అంటే టికెట్. లేబుల్ ఊడిపోయిన సీసా టికెట్ లేని ప్రయాణికుడు. ఇక కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్ పోసి పెట్టారనుకోండి, అది ఇంకొకరి టికెట్ మీద ప్రయాణం. దానికి క్షమాపణ లేదు. "సిగ్గులేదూ నీకు? చూస్తే నారింజ రసం బొమ్మ! లోపల చూస్తే నువ్వు! పసివాడెవడైనా ఎత్తి తాగితే ఏం సమాధానం చెబుతావ్?" అని దాన్ని నిలబెట్టి కడిగేస్తాడు. కడిగేయడమంటే మాటలతోనే. అందులోది బయట పారబోయించి, సీసాను చెత్తబుట్టలో వేయించేదాకా టీ ముట్టడు.

ఒకసారి మా చిన్నత్త వాళ్లింట్లో బిస్కెట్లు పెట్టబోయి ఆవిడ పొరపాటున పక్క డబ్బా తెచ్చింది. మూత తీస్తే సూదులు, దారపు ఉండలు, ఊడిన గుండీలు. ప్రపంచంలో బిస్కెట్ డబ్బా ఉన్న ప్రతి ఇంట్లోనూ జరిగేదే. అందరం నవ్వాం. మామయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"డబ్బా మీద ఏం రాసుంది?"

"బిస్కెట్లనే రాసుంది బావగారూ. బిస్కెట్లు అయిపోయాయి, డబ్బా బాగుంది కదా అని..."

"నిన్ననడం లేదమ్మా. దాన్నంటున్నాను." డబ్బా వైపు వేలు చూపించి, "నీ మాట నమ్మి చెయ్యి పెట్టినవాడికి సూది గుచ్చుతావా? ఇంతేనా నీ మర్యాద?" అన్నాడు. చిన్నత్తకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ తర్వాత ఆవిడ గుండీలు దాచుకోవడానికి అద్దం మూత ఉన్న డబ్బా కొనుక్కుంది.

మంగలి షాపు కథ ఇంకా ఘోరం. సగం గడ్డం గీశాక మంగలి జుట్టు తడపడానికి స్ప్రే బాటిల్ ఎత్తాడు. దాని ఒంటిమీద అద్దాలు తుడిచే మందు బొమ్మ ఉంది.

"ఇందులో ఏముంది?"

"నీళ్లు సార్."

"నీళ్లని ఎవరు చెప్పారు?"

"పోసిందే నేను సార్."

"నువ్వు పోశావని నేను నమ్ముతాను. అది నమ్మాలిగా!"

అది అంటే ఎవరో మంగలికి అర్థం కాలేదు. పాపం, నిరూపించుకోవడానికి తన మొహం మీదే స్ప్రే కొట్టుకున్నాడు. మామయ్య కంగారుపడి, "అయ్యో, కళ్లలో పడిందా? రా, రా, కుళాయి కింద పెట్టు" అంటూ అతని మెడ వంచి చాలాసేపు కళ్లు కడిగించాడు. ఉత్త నీళ్లను ఉత్త నీళ్లతో కడిగిన మనిషి మా మామయ్య ఒక్కడే. ఇంటికొచ్చేసరికి ఒక చెంప నున్నగా, ఇంకో చెంప గరుగ్గా ఉంది.

ఆయన మా అమ్మకి అన్న. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు మామయ్యా అని అడిగితే, "రోజుకో ఊళ్లో తెల్లారేవాడికి పెళ్లేమిటే కోడలుపిల్లా" అంటాడు. రిటైరయ్యాక మా ఇంటి పైగదిలో దిగాడు. ఇక మా అవస్థ చూడండి. మాది లాండ్రీ. కింద ముందుభాగం లాండ్రీ, వెనక మా కాపురం. నాన్న పోయాక అమ్మే నడుపుతోంది. లాండ్రీ అంటే సీసాల సంత. బ్లీచ్ ఉంటుంది, తుప్పు మరకలు తీసే మందు ఉంటుంది, నూనె మరకలు తీసే స్పిరిట్ ఉంటుంది. మూడూ చూడటానికి మంచినీళ్లలాగే ఉంటాయి. పోనీ వాసన చూసి చెబుదామంటే, ఆ ఘాటులో ఏళ్ల తరబడి ఉండి మా అందరి ముక్కులూ ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి.

మామయ్య వచ్చిన మొదటి వారంలోనే ప్రతి సీసాకీ టికెట్ అంటించాడు. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో, రైలు బోర్డంత అక్షరాలు. "బ్లీచ్. తాగరాదు." "తుప్పు మందు. ముట్టరాదు." ఆ ఊపులో ఉప్పు డబ్బాకీ, పంచదార డబ్బాకీ అంటించాడు. తన నీలం సీసాకి "మంచినీళ్లు" అని అంటించుకున్నాడు. అద్దానికి కూడా ఏదో అంటించబోతే అమ్మ చేతిలోని జిగురు లాక్కుంది.

అంతటితో ఆగితే ఆయన మామయ్య ఎందుకవుతాడు? భోజనాల దగ్గర పరీక్షలు పెట్టేవాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ప్రశ్న వచ్చేది. ఎక్కువగా దొరికిపోయేది మా అన్నయ్య. మనిషి బీరువా అంత ఉంటాడు, గుండె మాత్రం గుప్పెడు.

"ఒకడు యాసిడ్ తాగాడురా. ఏం చేస్తావ్?"

"గొంతులో వేలు పెట్టి వాంతి చేయిస్తా మామయ్యా."

"చంపేశావ్! దిగేటప్పుడు ఒకసారి కాల్చింది చాలక, పైకి రప్పించి మళ్లీ కాలుస్తావా? సరే, వేరేవాడు. బ్లీచ్ తాగాడు."

"ఉప్పునీళ్లు పట్టిస్తా."

"చంపేశావ్! ఉప్పునీళ్లు పడితే వాంతి కాదూ?"

"పోనీ నిమ్మరసం..."

"వీణ్ణి ఇంకొంచెం చంపావు. నోరు పుక్కిలించి ఉమ్మేయించరా. మింగగలిగితే గుక్కెడు గుక్కెడుగా మంచినీళ్లు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. సీసా పట్టుకుని ఆసుపత్రికి పద. ఒకావిడ బ్లీచూ యాసిడూ కలిపి బాత్‌రూం కడిగింది. గది నిండా ఘాటు. ఏం చేస్తావ్?"

"లోపలికెళ్లి ఏం కలిపిందో చూస్తా."

"ఈసారి నిన్ను నువ్వే చంపుకున్నావ్! ముందు గాల్లోకి రారా నాయనా, ఆవిణ్ని బయటికి లాగు, తలుపులు బార్లా తెరువు!"

ఇలా మా అన్నయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎంతమందిని చంపాడో లెక్కలేదు. అన్నం సహించక చిక్కిపోతాడని అమ్మ భయపడింది గానీ అదేమీ జరగలేదు.

మామయ్యకి అనుమానమొస్తే విషాల సమాచార కేంద్రానికి ఫోన్ చేసేవాడు. ఆ నంబరు ఫోన్ పక్కన గోడమీద, వంటింటి తలుపు మీద, చివరికి నా దువ్వెన వెనక కూడా అంటించాడు. అక్కడ ఫోనెత్తే అమ్మాయికి ఈయన గొంతు కంఠతా వచ్చేసింది. "చెప్పండి సార్, ఇవాళ ఏ సీసా?" అనేది నవ్వుతూ. "అమ్మాయ్, బూట్ పాలిష్ తింటే?" "ఎవరు తిన్నారు సార్?" "ఎవరూ తినలేదు. తింటే?" ఆ అమ్మాయి ఓపిక చల్లగా ఉండాలి, అన్నిటికీ సమాధానం చెప్పేది.

ఇదంతా ఇలా నవ్వులాటగా సాగుతుండగా అన్నయ్యకి పెళ్లై వదిన వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంటుంది. బట్టలంటే ప్రాణం. ఏ బట్టకి ఏ మరక ఎలా పట్టిందో చూసి చెప్పడం ఆమెకి సరదా. వంటింట్లో కన్నా లాండ్రీలో మరకలు తీసే బల్ల దగ్గరే ఆమె కళ్లు వెలుగుతాయి. అమ్మ చెడ్డది కాదు గానీ, ఆవిడ గొంతు ముందు మా వాషింగ్ మెషీన్ సిగ్గుపడాలి. వదినకి ఆ గొంతంటే హడల్. అమ్మ పిలిస్తే చాలు, చేతిలో ఉన్నది జారవిడిచేది. జారవిడిచినందుకు మళ్లీ తిట్లు తినేది.

ఒకరోజు వదిన ఒక పెద్దాయన ఉన్ని కోటును వేడినీళ్లలో వేసేసింది. తీసేసరికి అది ఆయన మనవడికి సరిపోయేలా తయారైంది. అమ్మ ఆ కోటును వేళ్లతో ఎత్తి పట్టుకుని, వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

"ఇదిగో అమ్మాయ్, ఇంకొక్క పొరపాటు జరిగిందా, ఇక లాండ్రీ గుమ్మం తొక్కొద్దు. వంటింట్లో కూర్చో. తెలిసిందా?"

వదిన తల ఊపింది. ఆ సాయంత్రం పెరట్లో బట్టలు ఆరేస్తూ నాతో అంది. "నన్ను ఆ బల్ల దగ్గర నిలబడనిస్తే చాలు వదినా, ఇంకేమీ అక్కర్లేదు నాకు. ఇంకొక్క తప్పు చేశానంటే అయిపోయినట్టే." నాకు జాలేసింది. అమ్మ మాట అంటే అంటుంది, తర్వాత వెనక్కి తీసుకోవడం ఆవిడకి చేతకాదు.

సరిగ్గా ఆ వారమే హోటల్ దుప్పట్లు వచ్చిపడ్డాయి. ఎండ మండిపోతోంది. మెషీన్లు ఆగకుండా తిరుగుతున్నాయి. అన్నయ్య మూటలు మోస్తున్నాడు, అమ్మ కౌంటర్లో అరుస్తోంది, నేను మడతలు పెడుతున్నాను, వదిన వెనకా ముందూ పరుగెడుతోంది. మధ్యాహ్నం మామయ్య పైగదినుంచి దిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, బల్లమీద ఉన్న తన నీలం సీసా అందుకున్నాడు. ఒంటిమీద టికెట్ ఉంది. ఆయన చేతిరాతే. "మంచినీళ్లు." సీసాల్ని జన్మలో నమ్మని మనిషి ఆ టికెట్‌ని నమ్మి ఒక పెద్ద గుక్క మింగేశాడు.

రెండో గుక్క నోట్లోనే ఆగిపోయింది. దాన్ని కింద ఉమ్మేసి, సీసా కళ్లముందుకు తెచ్చుకుని చూశాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఇది... నీళ్లు కాదు" అన్నాడు. ఎప్పుడూ గంటలా మోగే గొంతు గరగరలాడింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో దుప్పటి కిందపడింది. అన్నయ్య మూట విసిరేసి వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసులో ఉప్పు గుప్పిట్లతో కలుపుకుంటూ వచ్చాడు. అమ్మా నేనూ ఒకేసారి అరిచాం.

"చంపేశావ్!"

అన్నయ్య గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. అమ్మ ఆ గ్లాసు లాక్కుని సింకులో కుమ్మరించి, కుళాయినుంచి నీళ్లు పట్టి, "పుక్కిలించు అన్నయ్యా, ఉమ్మెయ్, మళ్లీ పుక్కిలించు" అంటూ వీపు మీద చెయ్యి వేసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. భోజనాల దగ్గర ఇన్నాళ్లు విసుక్కుంటూ విన్నదంతా చేతుల్లోకి వచ్చేసింది. మామయ్య స్టూలు మీద కూలబడి, మా వంక చూసి, ఆ బాధలోనూ బాగానే చేస్తున్నారన్నట్టు తల ఊపాడు.

నేను గోడమీదున్న విషాల కేంద్రం నంబరుకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది.

"సార్ ఇంటినుంచేనా? ఇవాళ ఏ సీసా అండీ?"

"ఇవాళ నిజంగానే అండీ. సార్ తాగేశారు."

ఆ అమ్మాయి గొంతులో నవ్వు మాయమైంది. "స్పృహలో ఉన్నారా? ఊపిరి బాగా ఆడుతోందా? సరే. ఏం తాగారు?"

"తెలీదండీ. నీళ్ల సీసాలో ఉంది."

"మీది లాండ్రీ కదా. బ్లీచా? తుప్పు మందా? స్పిరిటా? అది తెలియాలండీ. ఒక్కోదానికి ఒక్కో దారి. తుప్పు మందయితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. ఎంత చిక్కగా ఉందో కూడా కావాలి. ఎవరు పోశారో కనుక్కోండి, త్వరగా."

ఫోన్ చెవినుంచి తీయకుండానే చెప్పాను. అమ్మ వెనక్కి తిరిగింది.

"ఎవరు పోశారు ఇందులో?"

అన్నయ్య నా వంక చూశాడు, నేను అన్నయ్య వంక చూశాను.

"మిమ్మల్నే! ఎవరు పోశారు? నోళ్లు పడిపోయాయా? మా అన్నకేమైనా అయితే, పోసినవాళ్లని ఈ ఇంట్లో బతకనివ్వను, చెబుతున్నా!"

అప్పుడు చూశాను వదినని. మెషీన్ పక్కన నిలబడి ఉంది. చేతిలో దిండు గలీబు. దాన్ని మెలితిప్పుతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అమ్మ అరిచిన కొద్దీ ఆ పెదాలు ఇంకా బిగుసుకుపోతున్నాయి. ఫోన్లో అమ్మాయి "హలో, హలో, ఏమిటండీ అది?" అంటోంది. ఇటు చూస్తే మామయ్య గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు.

మామయ్య చెయ్యి ఎత్తి అమ్మను ఆపాడు. నీలం సీసాను తీసుకుని తన ముందు బల్లమీద జాగ్రత్తగా నిలబెట్టాడు. ఎప్పటిలా ఉరమలేదు. గరగరమనే గొంతుతో, చిన్నపిల్లను అడిగినట్టు అడిగాడు.

"ఏమ్మా, నీ టికెట్ నేనే రాశాను కదా. నీ తప్పేం లేదులే. ఎండ, పని ఎక్కువ, ఏదో తొందరలో ఎవరో ఏదో పోశారు. ఎవరని నేనడగను. అడిగానా ఎప్పుడైనా? నీలో ఏముందో ఒక్కటి చెప్పు చాలు. నిన్నెవరూ ఏమీ అనరు. నేనున్నాగా."

ఆయన కళ్లు సీసా మీదే ఉన్నాయి. వదిన వైపు తిప్పనైనా తిప్పలేదు.

లాండ్రీలో ఒక్క మెషీన్ చప్పుడే. ఆ చప్పుడులోంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"బ్లీచ్ మామయ్యగారూ."

అమ్మ గిర్రున తిరగబోయింది. మామయ్య మళ్లీ చెయ్యెత్తాడు. కళ్లు సీసా మీదే. "బ్లీచా? మా తల్లే! ఎంత?"

"కొంచెమే. కొలత డబ్బా కనపడలేదని, మెషీన్ దగ్గరికి తీసుకెళ్లడానికి నాలో... నాలో కొంచెం పోశారు. తర్వాత మెడదాకా నీళ్లే పట్టారు. తుప్పు మందు కాదు మామయ్యగారూ. నా మీద ఒట్టు. బ్లీచే."

వదిన సీసా తరఫున మాట్లాడుతోంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, మాట మాత్రం స్పష్టంగా వస్తోంది. నేను ఫోన్లో ఒక్కో ముక్కా అప్పగించాను. అవతల ఆ అమ్మాయి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

"నీళ్లు ఎక్కువ కలిపింది కాబట్టి గండం తప్పినట్టే అండీ. వాంతి చేయించకండి. గుక్కెడు గుక్కెడుగా మంచినీళ్లు ఇవ్వండి. ఇంకేం కలపొద్దు. ఆ సీసా, బ్లీచ్ డబ్బా రెండూ తీసుకుని ఆసుపత్రికి వెళ్లి ఒకసారి గొంతు చూపించండి. దగ్గు ఎక్కువైతే దారిలోనే మళ్లీ ఫోన్ చేయండి. ఇంతకీ ఎవరండీ అంత వివరంగా చెప్పింది?"

"సీసా చెప్పిందండీ" అన్నాను. ఆ అమ్మాయికి మామయ్య సంగతి తెలుసు కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసింది. బ్లీచ్ డబ్బా మీద ఉన్నదంతా చదివింది. సీసాలో మిగిలింది చూసింది. "కొంచెం ఎర్రబడింది, అంతే. ఏం తాగారో వెంటనే చెప్పి, సీసాతో సహా వచ్చారు కాబట్టి నా పని తేలికైంది. సాయంత్రందాకా ఉంచి పంపిస్తాను. చల్లగా, మెత్తగా తినండి. ఓ వారం మాట్లాడకూడదు" అంది.

మొదటి మాటలకు నవ్విన మామయ్య ఆఖరి మాటకు గతుక్కుమన్నాడు. బ్లీచ్ తాగినప్పుడు కూడా ఆయన మొహం అంత వాడిపోలేదు.

మంచం పక్కన సెలైన్ సీసా వేలాడుతోంది. అది తనకి కాదు, పక్క మంచం ఆయనకి. అయినా సరే లేచి కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, దాని లేబుల్ మొదటినుంచి చివరిదాకా చదివి, టికెట్ సరిగ్గా ఉందన్నట్టు తల పంకించి పడుకున్నాడు. పక్క మంచం ఆయన భయపడి నర్సును పిలిచాడు.

అన్నయ్యా వదినా మందులు తేవడానికి వెళ్లారు. అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న అమ్మ మొదలుపెట్టింది. "నువ్వు ఊరుకో అన్నయ్యా, దాన్ని వెనకేసుకు రాకు. నువ్వు సీసాను అడిగినా చెప్పింది ఎవరో నాకు తెలీదనుకున్నావా? నేను అన్నిసార్లు అడిగితే నోరు విప్పిందా? ఇంటికెళ్లాక చెబుతా దాని సంగతి."

మామయ్య డాక్టరు గదివైపు దొంగచూపు చూసి, గుసగుసగా అన్నాడు.

"నువ్వు ఏమడిగావు చెల్లీ?"

"ఎవరు పోశారని అడిగాను."

"డాక్టరుకి కావాల్సింది ఎవరు పోశారనా, ఏం పోశారనా?"

అమ్మ మంచం మీది దుప్పటి అంచు సర్దింది.

"రైల్లో టికెట్ లేనివాణ్ని చూసి నేను అరిచాననుకో. వాడేం చేస్తాడు? బాత్‌రూంలో దూరి గడియ పెట్టుకుంటాడు. ఇక వాడికి టికెట్ ఎలా రాయను? కొత్తలో చాలామందిని అలా బాత్‌రూంలోకి తోలాను. ఇదీ అంతే. తిడతారని భయపడ్డవాళ్లు సీసా దాచేస్తారు, తాగినవాళ్లు తాగలేదంటారు, పోసినవాళ్లు పోయలేదంటారు. ఈలోగా లోపల కాలేది కాలుతూనే ఉంటుంది. అందుకే నేను మనుషుల్ని అనను. సీసానంటే దానికి పోయేదేముంది? పడుతుంది పాపం."

చిన్నత్త బిస్కెట్ డబ్బా, మంగలి స్ప్రే బాటిల్, ఊళ్లోవాళ్ల సింకుల కిందున్న సీసాలన్నీ కళ్లముందు వరసకట్టాయి. ఇన్నాళ్లూ పిచ్చిమాలోకం అని మేం నవ్వుకున్న మనిషి, ఒక్క ఇంటి ఇల్లాలి మనసూ నొప్పించకుండా వాళ్ల వంటిళ్లు చక్కబెట్టి వచ్చేవాడన్నమాట. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆ క్షణంలో నాకే కొత్తగా తెలిసింది.

అమ్మ మంచానికి దగ్గరగా జరిగింది. గొంతు తగ్గించి అడిగింది. "అంటే నన్ను చూసి అది అంత భయపడుతుందా? నేనేమన్నా పులినా?"

మామయ్యకి మాట్లాడకూడదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, కొంచెం అన్నట్టు చూపించాడు.

ఇంటికొచ్చాక మామయ్య తన చట్టంలో ఒక సవరణ చేశాడు. టికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదని ఒప్పుకున్నాడు. మందులన్నీ కొన్న డబ్బాల్లోనే, తాళం వేసిన బీరువాలో పెట్టించాడు. తాగే నీళ్లు, తినే వస్తువులు లాండ్రీ గదిలోకి రాకూడదన్నాడు. ఇదంతా చేతి సైగలతోనే చెప్పాడు కాబట్టి మాకు అర్థం కావడానికి పూటంతా పట్టింది. అన్నయ్య ఒక సైగను పొరపాటుగా అర్థం చేసుకుని గొడుగు తెచ్చిచ్చాడు.

వదిన మళ్లీ మరకల బల్ల దగ్గర నిలబడింది. నిలబడమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. అమ్మ వారమంతా ఆమెతో ముక్తసరిగా మాట్లాడింది. ఆవిడకి తిట్టడం వచ్చు, మెచ్చుకోవడం వచ్చు, మధ్యలో ఉండేది ఏదీ అలవాటు లేదు. మామయ్య మౌనవ్రతం, అమ్మ ముక్తసరి, మెషీన్ కూడా చిన్నబుచ్చుకున్నట్టు తిరిగేది.

ఆ తర్వాత ఒక పొద్దున నేను కౌంటర్లో ఉన్నాను. వదిన లోపల్నుంచి ఒక తెల్ల చొక్కా పట్టుకుని తిన్నగా అమ్మ ముందుకు వచ్చింది. కాలరు మీద ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చుపడి గోధుమరంగుగా కాలి ఉంది. దాచలేదు, మడతపెట్టి కింద తోయలేదు. రెండు చేతులతో చాపి పట్టుకుంది.

అమ్మ చొక్కా చూసింది. ఊపిరి పీల్చింది. ఆ పీల్చడం నాకు బాగా తెలుసు. వీధి చివరిదాకా వినపడేది దాని తర్వాతే వస్తుంది. నేను కళ్లు మూసుకున్నాను.

ఏమీ వినపడలేదు. కళ్లు తెరిచి చూస్తే, అమ్మ వదినని దాటుకుని లోపలికి నడిచింది. బల్లమీద ఉన్న ఇస్త్రీపెట్టె ముందు నిలబడి, నడుంమీద చేతులు పెట్టుకుంది. తెలియని భాష మొదటిసారి మాట్లాడుతున్నట్టు తడుముకుంటూ అడిగింది.

"ఏమమ్మా, పొద్దున్నే అంత వేడిగా ఉన్నావేం? ఎవరైనా తిట్టారా నిన్ను?"

వదిన గుమ్మంలోంచి అంది. "లేదు అత్తయ్యా, ఎవరూ తిట్టలేదు. అందుకే తనంతట తనే చెప్పడానికి వచ్చింది."

అమ్మ నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది. పైగది మెట్ల మీదనుంచి మామయ్య దగ్గినట్టు నటిస్తూ నవ్వుతున్నాడు.

"సరే సరే" అంది అమ్మ, చొక్కా వదిన చేతుల్లోంచి తీసుకుంటూ. "ఆ చొక్కా ఆయనకి నేను ఫోన్ చేసి చెబుతాలే. నువ్వెళ్లి ఆ బల్ల దగ్గర నీ పని చూసుకో."